గానుగలో ఏనుగు: శంషాబాద్‌లో నా ఐదు రోజుల చదువు

ముందుగా నా తెలివితక్కువతనం సంగతి చెప్పేస్తాను. దాచినా దాగేది కాదు. ఏనుగంత ఉంది.

రెండేళ్ల కిందట మా రేపల్లె బృందంతో కాశీ వెళ్దామని శంషాబాద్ విమానాశ్రయానికి చేరాను. విమానం ఏడు గంటలు ఆలస్యమన్నారు. తక్కినవాళ్లు కుర్చీల్లో కునికారు. నేను మాత్రం యాత్రా రచయితను కదా! (నన్ను అలా పిలిచేవాడు మా ఊళ్లో ఒక్కడే. అద్దంలో ఉంటాడు.) బయటికొచ్చి ఒక క్యాబ్ మాట్లాడుకుని, "చుట్టుపక్కల చూడదగ్గది ఏదైనా చూపించు బాబూ" అన్నాను. అతను హిమాయత్ సాగర్ జలాశయానికి వెళ్లే దారిలో ఒక రాయి దగ్గర ఆపాడు. నేల మీద గుండ్రంగా తిరిగిన రాతి కాలువ, అందులో నిలువుగా నిలబెట్టిన రాతి చక్రం. నవాబుల కాలంలో ఏనుగుల్ని తూచిన రాయి ఇదేనని చెప్పాడు.

నమ్మాను. నమ్మి ఊరుకుంటే నా ఒక్కడితో పోయేది. ఇంటికెళ్లి పత్రికకు రాశాను. "స్థానికుల కథనం ప్రకారం" అని మొదలుపెట్టి, తూకం అయ్యాక ఏనుగు తొండమెత్తి నవాబుకు సలాం చేసిన ఘట్టం కూడా ఎవరూ అడక్కుండానే చేర్చాను. అచ్చయింది. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా ఉండి ఎంతమందికి షాకులిచ్చానో గానీ, నాకు షాకు తగిలింది ఈ ఏడాదే, ఒక కవరు రూపంలో.

"అయ్యా, మీరు ఏనుగును తూచిన రాయి మా నాయనమ్మ సున్నం గానుగ. మీ రాత చూసి ఇక్కడ చాయ్ హోటల్ ఆయన బోర్డు పెట్టిండు. ఇప్పుడు కాలనీ సంఘం వాళ్లు గ్రానైట్ పలక మీద ఏనుగు కథ చెక్కిస్తరట. చెక్కినంక ఇగ ఎవరు మారుస్తరు? ఇందులో పెట్టిన కాగితం చూసి రాగలరు. ఇట్లు, దయామణి."

లోపల ఒక కరపత్రం. "మన ఊరి చరిత్ర మనమే రాద్దాం. పెద్దలకు ఐదు రోజుల తరగతులు. వయసు: నలభై దాటినవారు. అర్హత: రెండు చెవులు."

మా ఆవిడ రెండూ చదివి, "వెళ్లండి. ఏనుగును అక్కడికి తోలింది మీరే. తోలుకు రావాల్సిందీ మీరే" అంది.

బస్టాండు దగ్గర

రైలు, బస్సు సంగతులు వదిలేస్తాను. శంషాబాద్‌లో దిగీ దిగగానే నన్ను ముంచిన ఆ క్యాబ్ డ్రైవర్ కోసం వెతికాను. దారి పొడవునా అతనికి పెట్టాల్సిన చీవాట్లు వరుసగా పేర్చుకుని వచ్చాను. వెతకనక్కర్లేకపోయింది. రోడ్డు అవతల నుంచి అతనే అరిచాడు.

"అరే! ఏనుగు సార్!"

పేరు నర్సింగ్. ముప్ఫై ఐదేళ్లుంటాయి. నా సంచి లాక్కుని కార్లో పెట్టాడు. లోపల అద్దం కింద నా వ్యాసం, లామినేషన్ చేయించి వేలాడదీశాడు. "మీ పుణ్యం సార్! ఎయిర్‌పోర్ట్ కాడ దిగినోళ్లకు ముందుగాల ఇదే చూపిస్త. నన్ను పత్రికల రాసిన్రంటే నమ్మకం కుదురుతది."

"నిన్ను రాయలేదయ్యా. స్థానికులు అని రాశాను."

"నేనే గద స్థానికులు!"

తిట్లు గొంతు దాకా వచ్చాయి. ఈలోగా అతను ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు పట్టుకొచ్చాడు. వేడి చాయ్ గొంతులో పోసుకుంటే తిట్లు ఏ దారిన బయటికొస్తాయి? మా రేపల్లెలో టీ అంటే పాలల్లో టీ పొడి ఈత కొట్టినట్టుంటుంది. ఇక్కడ పాలూ డికాక్షనూ వేరువేరు కాపురాలుండి, గ్లాసులో కలుస్తాయి. పదిహేను రూపాయలు. అదే చాయ్ విమానాశ్రయం లోపల ఎంతో చెప్పను, మా ఆవిడ ఇది చదువుతుంది. రెండో గ్లాసు అయ్యేసరికి, ఐదు రోజులూ నర్సింగ్ కారే మాట్లాడుకున్నాను. చీవాట్లు సంచిలోనే ఉండిపోయాయి.

మూఢంలో బడి

తరగతులు ఎక్కడో ఊహించలేరు. ఫంక్షన్ హాల్లో! మూఢం వస్తే పెళ్లిళ్లుండవు. హాలు ఖాళీ. అప్పుడు కిరాయి బాగా తగ్గించి ఇస్తారట. అందుకని ఈ బడి ఎప్పుడూ మూఢంలోనే నడుస్తుంది. మా వైపు మూఢంలో ఏ మంచి పనీ మొదలుపెట్టం. ఇక్కడ మూఢులకు చదువు మొదలుపెడతారు.

మెట్లెక్కగానే ప్లాస్టిక్ అరటిచెట్లు స్వాగతం చెప్పాయి. వేదిక మీద కిందటి పెళ్లి తాలూకు థర్మోకోల్ అక్షరాలు ఇంకా ఉన్నాయి. వధువు పేరు పూర్తిగానూ, వరుడి పేరులో సగమూ. మెరుపుల వెల్వెట్ సింహాసనాలు రెండు. పెళ్లికూతురు సింహాసనంలో మా రజియా మేడం కూర్చున్నారు. సోషల్ టీచర్‌గా రిటైరయ్యారట. కళ్లజోడు మీదుగా చూస్తే అరవై ఆరేళ్ల నాకూ హోంవర్క్ చెయ్యలేదేమోనన్న భయం వేసింది. పెళ్లికొడుకు సింహాసనంలో నల్లబల్ల.

అందరం పద్దెనిమిది మందిమి. మేడం మొదటి పాఠం నా చేత చదివించారు. ఏ పాఠమంటారా? నా వ్యాసమే! దయామణి ముందే తెచ్చి ఇచ్చిందట.

"స్థానికుల కథనం ప్రకారం..." అని మొదలుపెట్టానో లేదో,

"ఆగండి సార్. స్థానికులు ఎంతమంది?"

"ఒక... కొంతమంది."

"పేర్లు?"

అప్పుడే హాలు మీదుగా విమానం వెళ్లింది. ఇక్కడో ఆచారం ఉంది. పైన విమానం పోతుంటే మాట్లాడుతున్నవాళ్లు మాట మధ్యలో ఆగిపోతారు, నోరు తెరిచినవాళ్లు తెరిచినట్టే. చప్పుడు పోగానే ఆపిన అక్షరం నుంచి అందుకుంటారు. మా ఊళ్లో కామాలు కాగితం మీద పెడతాం, వీళ్లకు ఆకాశంలోంచి పడతాయి. ఆ కామా పుణ్యమా అని నాకు కొన్ని క్షణాలు దొరికాయి గానీ జవాబు దొరకలేదు. పద్దెనిమిది మందిలో, నన్నూ నా పక్క కుర్చీనీ మినహాయిస్తే పదహారు మంది, ఘొల్లున నవ్వారు.

"ఇగ మన బడి కాయిదా ఒక్కటే" అన్నారు మేడం. "చెప్పినోళ్ల పేరు లేకుండా ఒక్క వాక్యం రాయొద్దు. రాసింది వాళ్లకు చదివి వినిపించాలె. వాళ్లు కొట్టెయ్యమంటే కొట్టెయ్యాలె. మీ తెలివి ఎవలకూ అక్కర లేదు."

నా పక్క కుర్చీలో నలభై ఐదేళ్లావిడ నవ్వకుండా కూర్చుంది. ఆవిడే దయామణి. విమానాశ్రయం దగ్గరి హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే విభాగంలో పని. ఐదు రోజులు సెలవు పెట్టి వచ్చింది. మధ్యాహ్నం బగారా అన్నం తింటూ అసలు సంగతి చెప్పింది.

"కాలనీ సంఘం ప్రెసిడెంట్ సాబ్ మేడంకు మాట ఇచ్చిండు సార్. శనివారం దాక ఆగుతడు. గానుగ అని నేను ఒక్కదాన్ని చెప్తే చాలదట. మా ఇంటోళ్లు కాకుండ, నేను ఎరగని మనిషి ఇంకొకరు చెప్పాలె. దొరికితే పలక మీద మా నాయనమ్మ పేరు. దొరకకుంటే ఆదివారం పొద్దుగాల మీ ఏనుగు."

"మీ ఊళ్లో ముసలివాళ్లు ఎవరూ..."

"అందరికీ నేను చెప్పిందే ఎరుక సార్. నేను చెప్పింది నాకే తిరిగి చెప్తరు. గది సాక్ష్యం కాదు కదా."

నా గొంతులో బగారా అన్నం అడ్డం పడింది. మంచినీళ్ల గ్లాసు ఆవిడే అందించింది.

పహాడీ షరీఫ్: ఆయాసమే అధ్యయనం

రెండో రోజు అభ్యాసం. ఎవరి పక్కనైనా కూర్చుని, ఒక్క ప్రశ్న అడిగి, గంటసేపు నోరు మూసుకుని వినాలి. నన్ను పహాడీ షరీఫ్ పంపారు. కొండ మీద దర్గా. ఎన్ని మెట్లో లెక్కపెడదామనుకున్నాను గానీ కొంత ఎక్కాక మెట్లే నన్ను లెక్కచెయ్యడం మానేశాయి. నా పేరు శేషాచలం. పేరులో కొండ ఉన్నంత మాత్రాన కొండ ఎక్కగలనని మా నాన్న అనుకున్నాడేమో.

సగం దారిలో గులాబీలమ్మే ఖాజా భాయ్ దుకాణం పక్కన కూలబడ్డాను. డెబ్భై ఏళ్లుంటాయి ఆయనకు. అడగాల్సిన ప్రశ్న నోట్లో సిద్ధంగా ఉంది గానీ ఊపిరి లేదు. నోరు తెరిచి మూశాను, చెరువులోంచి తీసిన చేపలాగా. ఖాజా భాయ్ జాలిపడ్డాడు.

"బైఠో సాబ్, బైఠో. జర దమ్ము తీస్కోండి. గిప్పుడే మాట్లాడకుండ్రి."

నేను మాట్లాడలేదు. ఎదుటివాడు మాట్లాడకపోతే మనిషికి ఏమనిపిస్తుందో ఆ రోజు తెలిసింది. ఆ ఖాళీని తానే నింపాలనిపిస్తుంది. ఖాజా భాయ్ గులాబీల గురించి చెప్పాడు, మోకాళ్ల గురించి చెప్పాడు. నాకు దమ్ము వచ్చింది. అయినా రానట్టే నటించాను. ఆయన మోకాళ్లు దిగి స్నేహితుల దగ్గరికి వచ్చాడు.

"జల్‌పల్లిల బాలయ్య అని నా దోస్తు ఉన్నడు. వానికి మోకాళ్ల నొప్పే లేదు! ఎందుకంటే, 'నేను ఒక్క కాడ్నే ఉండి దునియా మొత్తం నడిచిన' అంటడు. పాగల్! ఎద్దెనుక నడిచిండట చిన్నప్పుడు, గుండ్రంగ, పొద్దంత. గది నడకనట!"

నేను తల ఊపి, ఆ మాట పుస్తకంలో రాసుకుని, కింద "ఖాజా భాయ్, గులాబీల దుకాణం" అని పేరు కూడా రాశాను. అంతే. నా బుర్రకు అది ఒక ముసలాయన సరదా మాట. దిగి వచ్చి తందూరీ రొట్టెలు, పాయా తిన్నాను. మా ఇంట్లో మేక కాళ్లు వండితే మంట తట్టుకోలేక మనమే కాళ్లు ఎగరేస్తాం. ఇక్కడి పాయా నిదానస్తురాలు. గొంతు దిగేదాకా ఏమీ అనదు, దిగాక చెవులు మూసుకుపోతాయి.

రాయి దగ్గర

మూడో రోజు దయామణి, నేను నర్సింగ్ కారులో రాయి దగ్గరికి వెళ్లాం. పక్కనే చాయ్ హోటల్. రేకు బోర్డు మీద పసుపు రంగుతో "ఏనుగుల తూకం రాయి (ఫొటో దిగండి, చాయ్ తాగండి)". దాని కింద నా వ్యాసం, ఫ్రేము కట్టి, దండ వేసి. దండ చూసి కాస్త కంగారుపడ్డాను. ప్లాస్టిక్ దండే.

కొత్తగా పెళ్లయిన జంట చక్రానికి ఆనుకుని ఫొటో దిగుతున్నారు. అబ్బాయి తొండంలా చెయ్యి ఎత్తాడు. అచ్చం నేను రాసిన సలాం! దయామణి అటు చూడలేదు. కాలువ అంచు మీద కూర్చుని, అరిగి నున్నబడ్డ రాతి మీద అరచెయ్యి పెట్టింది.

"ఈ కాలువల సున్నం, ఇసుక ఏసి నీళ్లు పోసి తిప్పుతుండె సార్. డంగుసున్నం అంటరు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతుండె. మా నాయనమ్మ ఏసమ్మ ఎద్దెనుక నడుసుకుంట, కట్టెతోటి సున్నం లోపలికి నూకేదట. నాకు ఆరేండ్లున్నప్పుడు పోయింది. చేతులు మాత్రం యాదికున్నయి. తెల్లగ, పగుళ్లు పగుళ్లు. హిమాయత్ సాగర్ కట్టకు సున్నం పోయింది ఈ గానుగ నుంచే అనేది మా అమ్మ."

"అబ్బో! కట్టకా?" నాలో యాత్రా రచయిత లేచి కూర్చున్నాడు.

"పేరు రాసుకోండ్రి సార్. అమ్మ చెప్పింది, నేను ఇన్న. గంతే."

నేను రాసుకుంటుంటే ఆవిడ చేతిలో కట్టె ఉన్నట్టుగా పట్టుకుని, రెండు చుట్లు నడిచి చూపించింది. లేని ఎద్దు వెనుక, గుండ్రంగా. రెండో చుట్టులో నా పెన్ను ఆగిపోయింది.

గుండ్రంగా! ఎద్దు వెనుక! పొద్దంతా!

"దయామణమ్మా! జల్‌పల్లిలో బాలయ్య అని ఎవరైనా తెలుసా మీకు?"

"లేదు సార్. ఎవరాయన?"

"తెలియదా? నిజంగా తెలియదా?" ఒక మనిషి మరొక మనిషిని ఎరగనందుకు నేను అంత ఆనందించడం అదే మొదలు. కాలువలోనే గంతేశాను. చెప్పు జారింది. చక్రం అంచు మోకాలికి తగిలింది. ఏనుగు తన్నినట్టుంది.

జల్‌పల్లి: దునియా నడిచినాయన

నాలుగో రోజు. దయామణి రాకూడదు. వస్తే బాలయ్య నోట్లో ఆవిడ మాట పడే ప్రమాదం ఉందని మేడం ఆపేశారు. నేను, నర్సింగ్ వెళ్లాం. దారి పొడవునా నర్సింగ్ కనిపించిన ప్రతి రాతిగుండుకూ ఒక నవాబును అతికించాడు.

బాలయ్యకు ఎనభై దాటాయి. ఇంటి ముందు మంచం మీద కూర్చుని జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తింటున్నాడు. నాకూ ఒకటి పెట్టించాడు. మా వైపు రొట్టె అంటే జ్వరం వచ్చినవాడి తిండి. ఇది తింటే జ్వరమే పారిపోతుంది. ఒక్క ప్రశ్న అడిగాను: "చిన్నప్పుడు ఏం పని చేసేవారు బాపూ?" ఇక నోరు మూసుకున్నాను. ఆయాసం లేకుండా, నిజంగా.

"ఎద్దును తోలిన బిడ్డా. శంషాబాద్ కాడ సున్నం గానుగ. పొద్దు పొడిసినకాడికెల్లి గుంకేదాక. ఒక్క కాడ్నే ఉండి దునియా మొత్తం నడిచిన."

పెన్ను పరుగెత్తింది. నోరు మాత్రం తెరవలేదు.

"ఆ గానుగామె పేరు ఏసమ్మ. ఆడమనిషి కాదు, అగ్గి అసొంటి మనిషి! సున్నం అయిందా లేదా అని ఎట్ల చూస్తదో ఎరుకనా? ఇంత ఉండ తీసి గోడకేసి కొట్టేది. అతుక్కుంటే అయినట్టు. రాలిందా, 'బాలిగా, ఇంకో వంద చుట్లు తిప్పుర' అనేది. నా తల్లి, ఎన్ని ఉండలు రాలినయో!"

నర్సింగ్ పకపకా నవ్వాడు. తరవాత ఎందుకో నవ్వు ఆపి, ఇటు రాకుండా కారు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఆయన అంతా చెప్పాక, ఉండబట్టలేక అడిగాను. "సున్నం ఎక్కడికి పోయేది బాపూ?"

"ఇండ్లకు. ఊర్ల పెద్ద పెద్ద ఇండ్లకు."

"హిమాయత్ సాగర్ కట్టకు?"

"గది నాకెరుక లేదు. నా కాలంల పోలే."

చదివి వినిపించిన రోజు

శనివారం ఫంక్షన్ హాలు నిండింది. భోజనాలున్నాయని తెలిసి సగం కాలనీ వచ్చింది. మొదటి వరసలో ప్రెసిడెంట్ సాబ్. తెల్ల చొక్కా, ఒళ్లో పలక కొలతల కాగితం. బాలయ్యను నర్సింగే కారులో తెచ్చాడు. మేడం ఆయన్ను పెళ్లికొడుకు సింహాసనంలో కూర్చోబెట్టి, నల్లబల్లను కింద పెట్టారు. దయామణి ఆయన్ను అదే మొదటిసారి చూడటం. చేతులు కట్టుకుని, గోడ పక్కన నిలబడింది.

నేను రాత్రి మూడుసార్లు తిరగరాసిన పేజీ చదవడం మొదలుపెట్టాను. "ఈ గానుగలో ఏసమ్మ అను ఇల్లాలు భర్తకు చేదోడువాదోడుగా..."

"ఆగు ఆగు" అన్నాడు బాలయ్య. "ఎవరికి చేదోడు?"

"భర్తకండీ."

"నేను చెప్పిన్నా గా మాట?"

పుస్తకం తిరగేశాను. చెప్పలేదు. నా పెన్ను తనంతట తానే ఆవిడను భర్త వెనకాల నిలబెట్టింది.

"ఆయన మంచోడే పాపం, నీడల కూసునేటోడు. గానుగ ఆమెది. ఎద్దు ఆమెది. కూలి ఇచ్చేది ఆమె, తిట్టేది ఆమె. కొట్టెయ్ గది."

కొట్టేశాను. హాల్లో ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎర్రపెన్నుతో ఇంత ఆనందం ఉంటుందని కరెంటాఫీసులో ఎవరూ చెప్పలేదు.

తరవాతి వాక్యం హిమాయత్ సాగర్ కట్టది. చదివాను. "చెప్పినవారు: దయామణి." బాలయ్య తల అడ్డంగా ఊపాడు. నన్ను ఆదుకోవడానికి పైన విమానం కూడా లేదు. మేడం దయామణి వైపు చూశారు. ఆవిడ కట్టుకున్న చేతులు విప్పింది.

"మా అమ్మ చెప్పింది మేడం. కని... రెండో మనిషి లేడు కద. కొట్టెయ్యుండ్రి." చిన్నగా నవ్వింది. "గది నా ఏనుగు అనుకుంట."

ఆ వాక్యం కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆవిడే వచ్చి, నా పెన్ను తీసుకుని, తనే కొట్టేసింది.

అప్పుడు ప్రెసిడెంట్ సాబ్ లేచాడు. "అంత మంచిగనే ఉంది. కని ఒక్క మాట. ఏనుగంటే జనం వస్తరు. సున్నమంటే ఎవరొస్తరు?"

దయామణి మొహంలో నవ్వు ఆరిపోయింది. బాలయ్య మాత్రం సింహాసనంలో ముందుకు వంగాడు.

"ఎవరి కొడుకువు నువ్వు?"

ప్రెసిడెంట్ సాబ్ తన తండ్రి పేరు, తాత పేరు చెప్పాడు.

"మీ తాత ఇల్లు ఉన్నదా ఇంక?"

"ఉన్నది. దాంట్లనే ఉంటం."

"గోడకు మొల దిగుతదా?"

ప్రెసిడెంట్ సాబ్ భార్య రెండో వరసలోంచే అందుకుంది. "ఎక్కడ దిగుతది బాపూ! టీవీ పెట్టనీకె మిస్త్రీని పిలిస్తే మూడు డ్రిల్లు బిట్లు ఇరిగినయి. టీవీ ఇంక బల్ల మీదనే ఉన్నది!"

"గది ఏసమ్మ సున్నం" అన్నాడు బాలయ్య, వెనక్కి వాలి. "గోడకు కొట్టిన ఉండ రాలింది. నాతోటి రెండు వందల చుట్లు తిప్పించింది మీ ఇంటికోసం."

హాలు దద్దరిల్లింది. వంటవాళ్లు గరిటెలతో సహా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ప్రెసిడెంట్ సాబ్ కొలతల కాగితం వెనుక వైపు తిప్పి, "పేరు ఎట్ల రాయాలె అక్కా? ఏసమ్మ అంతేనా, ఇంటిపేరు గిట్ల ఉన్నదా?" అని దయామణిని అడిగాడు. సరిగ్గా అప్పుడే పైన విమానం వచ్చింది. అందరూ ఆగారు. ఆవిడ కళ్లు తుడుచుకోవడానికి సరిపడా సమయమిచ్చి, పోయింది.

మేడం నన్ను కూర్చోనివ్వలేదు. "సార్, ఏనుగు బాకీ ఉంది. చెప్పినోడి పేరు?"

భోజనాల వైపు జారుకుంటున్న నర్సింగ్ ఆగాడు. నేను ఐదు రోజులుగా సంచిలో మోసిన చీవాట్లన్నీ బయటికి తీసే ముహూర్తం, మూఢంలో అయినా, వచ్చింది. కానీ అతనే నోరు తెరిచాడు.

"నేనే చెప్పిన మేడం. కని ముందుగాల నిజమే చెప్పిన! 'ఇది సున్నం గానుగ సార్' అన్న. సార్ 'అంతేనా?' అన్నడు. మొఖం గింత చేసుకున్నడు. ఏడు గంటలు ఫ్లయిట్ లేటు, పెద్దమనిషి, పరేషాన్‌ల ఉన్నడు. నాకు పాపమనిపించింది. ఇగ ఏనుగును తెచ్చిన."

నా బుర్రలో రెండేళ్లనాటి ఆ మధ్యాహ్నం కదిలింది. అవును. అన్నాను. "అంతేనా?" అన్నాను. చెవులు రెండూ ఉండి కూడా ఆ రోజు అర్హత లేకపోయింది నాకు.

అంత నవ్వులో నేనూ నవ్వాను. ఏం చేస్తాను?

తోక

ఆదివారం పొద్దున పలక చెక్కారు. "ఏసమ్మ సున్నం గానుగ. చెప్పినవారు: దయామణి (మనుమరాలు), బాలయ్య (ఎద్దును తోలినవాడు)." అంతే ఉంది. చెక్కే ఆయన మధ్యలో ఉలి ఆపి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయా చూడమని దయామణినే పిలిచాడు. ఆవిడ ఒక్కో అక్షరంలో వేలు పెట్టి చూసుకుంది.

చాయ్ హోటల్ ఆయన మాత్రం రేకు బోర్డు తియ్యనన్నాడు. గిరాకీ పోతుందట. సరేనని పసుపు రంగు, కుంచె అడిగి తీసుకుని, నిచ్చెనెక్కి, ఏనుగు కింద నా చేత్తో నేనే రాశాను: "ఇది కట్టుకథ. చెప్పినవాడు: నర్సింగ్, డ్రైవర్. 'అంతేనా?' అని చెప్పించినవాడు: శేషాచలం, రేపల్లె." కిందికి దిగేసరికి చొక్కా సగం పసుపయింది. కాయిదా ప్రకారం చదివి వినిపించాను కూడా. నర్సింగ్ చేతులు కట్టుకుని విని, అభ్యంతరం లేదన్నాడు. ఏనుగు వెళ్లినా తోక మిగిలింది, దానికి ఇద్దరం వేలాడుతున్నాం.

ఇంటికొచ్చిన పదిహేను రోజులకు అతని నుంచి ఫోను.

"సార్! మస్తు నడుస్తుంది బోర్డు! ఎయిర్‌పోర్ట్ గిరాకీ మొత్తం అక్కడికే తీస్కపోతున్న. 'ఇగో, నా పేరు' అని చూపిస్తున్న. ఒక్కటే కమీ ఉంది సార్. 'డ్రైవర్' అని రాసిన్రు. గది తీసేసి 'చరిత్రకారుడు' అని పెట్టుండ్రి. జర మంచిగుంటది."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తప్పకుండా నర్సింగన్నా. కానీ దానికి ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరినొకరు ఎరగనివాళ్లు. అదీగాక బడిలో చదివి ఉండాలి."

"నాకు నలభై దాటలేదు కద సార్?"

"మేడంతో మాట్లాడాను. నీకోసం వయసు సడలించారు."

ఫోను పెట్టేసి, నింపి ఉంచిన దరఖాస్తు కవరులో పెట్టి, జిగురు నాకి అతికించాను. వచ్చే మూఢానికి నర్సింగ్ పేరు నమోదైంది. రెండో రోజు అభ్యాసం పహాడీ షరీఫ్‌లోనే, ఖాజా భాయ్ గులాబీల దుకాణం పక్కన. ఒక్క ప్రశ్న అడిగి, గంటసేపు నోరు మూసుకోవాలి. పాపం, అతనికి ఆయాసం కూడా రాదు.